పాత కారు

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని మన పెద్దలు చెప్పిన సామెత అందరికిని తెలిసినదే. కాని ఆ సామెత పలికిన పెద్దలే పాత బియ్యమును మెచ్చుకొనిరి. పాత స్నేహమును కొనియాడిరి. చిల్లుపడిన ఇత్తడి బిందెకు మాటు వేయించి మరల నీళ్లు మోసిరి. కావున పాతదెల్ల రోత అని వారు నిజముగా నమ్మిరని చెప్పుటకు వీలులేదు. ఏ పాతది కాపాడుకొనదగినది, ఏ పాతది విడువదగినది అని తెలిసికొనుటయే కష్టము. చొక్కా చిరిగినప్పుడు కుట్టించుటయా, కొత్తది కొనుటయా అను ప్రశ్న ఐదు నిమిషములలో తేలిపోవును. ఇంటి దూలమునకు చెద పట్టినప్పుడు ఐదు దినములు పట్టును. ఇంటి ముందు ఏండ్ల తరబడి నిలిచిన కారు మొరాయించినప్పుడు మాత్రము అదే ప్రశ్న నెలల కొలది ఇంటిల్లిపాదిని వేధించును.

రైతు ముసలి ఎద్దును చూచి ఈ విధమైన సందేహమున పడడు. ఎద్దు కాలు విరిగినచో కొత్త కాలు ఏ అంగడిలోను దొరకదని అతనికి తెలియును. వయస్సు మీరిన ఎద్దును తిరిగి కోడెగా చేయు వైద్యుడు లేడనియు తెలియును. కారు సంగతి అట్టిది కాదు. దాని కాళ్లు మార్చవచ్చును, కన్నులు మార్చవచ్చును, గుండెను సైతము మార్చవచ్చును. డబ్బు పోసినకొలది అది లేచి నిలుచుచునే యుండును. ‘ఇక చాలు’ అని తానుగా ఎన్నడును చెప్పదు. ఆ మాట చెప్పవలసినవాడు యజమాని. అందుచేతనే పాత కారు పెట్టు పరీక్ష యంత్రమునకు మాత్రమే కాదు, మనిషి బుద్ధికిని మనస్సునకును కూడ పరీక్ష.

కారు వేలకొలది భాగముల కూడిక. ఆ భాగములన్నియు ఒక్క వయస్సువి కావు. టైర్లు, బ్రేకు పట్టీలు, క్లచ్ ప్లేటు మొదలైనవి అరుగుటకొరకే పుట్టినవి. అవి అరిగినప్పుడు మార్చుట మరమ్మతు కాదు, పోషణము. దీపమునకు నూనె పోయుట వంటిది. బ్యాటరీ కొన్ని ఏండ్లకు చచ్చును. దానిని మార్చినంత మాత్రమున కారు ముసలిదైనదని ఎవ్వరును అనరు.

ఇంజను అరుగుట కొంత పెద్ద వ్యాధి. నిమిషమునకు 2,400 తిరుగుళ్లు తిరుగు ఇంజనులో ప్రతి పిస్టనును సెకనుకు 40 మారులు పైకెక్కి క్రిందికి దిగును. ఏండ్లు గడచినకొలది పిస్టను రింగులును, సిలిండరు గోడలును అరిగి వాని నడుమ సందు పెరుగును. ఆ సందునుండి నూనె పైకెక్కి పెట్రోలుతో పాటు కాలిపోవును. వెనుకనుండి నీలిపొగ లేచును. మెకానిక్కులు దీనినే ‘బండి ఆయిలు తాగుచున్నది’ అందురు. దీనికి చికిత్స కలదు. సిలిండరు రంధ్రమును మరికొంత వెడల్పుగా తొలిచి, ఆ కొలతకు తగిన కొత్త పిస్టనులను అమర్తురు. దీనినే ‘బోరు చేయించుట’ అందురు. పనివాడు నేర్పరియైనచో ఇంజను మరల కొన్ని ఏండ్లపాటు చక్కగా పని చేయును.

ఇంజనుకంటె కనిపెట్టుటకు కష్టమైన వ్యాధి మరియొకటి కలదు. అది త్రుప్పు. ఇనుమునకు నీరును గాలియు తగిలినప్పుడు త్రుప్పు పుట్టును. ఉప్పు కలిసినచో దాని వేగము హెచ్చును. త్రుప్పు పొరలు పొరలుగా రాలిపోవుటచేత క్రింది ఇనుమునకు రక్షణ ఉండదు. వ్యాధి లోలోపలికి ప్రాకును. లారీలలో చాసిస్ అను బలమైన చట్రము వేరుగా నుండును. దానిపై తక్కిన భాగములు నిలుచును. పెక్కు కార్లలో అట్టి వేరు చట్రము లేదు. నేల రేకు, ప్రక్క పెట్టెలు, స్తంభములు, పైకప్పు ఒక్కటిగా అతుకబడి తామే చట్రముగా నిలుచును. అట్టి కారు అడుగున త్రుప్పు పట్టుట యనగా చర్మమునకు గజ్జి సోకుట కాదు, ఎముకలు గుల్లబారుట.

మన దేశమున ఈ ప్రశ్నను పెక్కు ఇండ్లకు తెచ్చిన కారు అంబాసిడరు. 1942లో స్థాపింపబడిన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ, బెంగాలులో హుగ్లీ తీరమున నున్న ఉత్తరపార కర్మాగారములో దీనిని తయారు చేసెను. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ తరగతి కారు దీనికి మాతృక. 1957లో మొదలైన అంబాసిడరు 2014 మే నెల వరకు, అరువదియేండ్లకు కొంచెము తక్కువగా, పెద్ద మార్పులు లేకయే వెలువడెను. మంత్రులు దీనిలో తిరిగిరి. టాక్సీవారు దీనితో బ్రతికిరి. పెండ్లికుమారులు దీనిలో ఊరేగిరి. 1983 డిసెంబరులో చిన్న మారుతి కారు వచ్చి ఎందరినో ఆకర్షించినను, గతుకుల దారిలో ఆరుగురిని మోసి, ఏ ఊరి షెడ్డులోనైనను బాగుపడగల బండిగా అంబాసిడరునకు పేరు నిలిచెను. ఆ సౌలభ్యమే దాని యజమానులకు మరమ్మతుపై మితిమీరిన నమ్మకమును కలిగించెను. దానికి కూడ వేరు చట్రము లేదను సంగతి చాలమంది ఎరుగరు.

కృష్ణా జిల్లాలోని ఒక చిన్న పట్టణమున అట్టి అంబాసిడరు ఒకటి యుండెను. 1988లో దానిని కొన్నవాడు ఆ ఊరి వైద్యుడు. చుట్టుప్రక్కల పల్లెలలో ఏ యింట కాన్పు కష్టమైనను, ఎవరికి పాము కరచినను, అర్ధరాత్రి ఆ తెల్లని కారు బయలుదేరుచుండెను. ‘మా పెద్దవాడు ఆ కారులోనే పుట్టాడు’ అని చెప్పుకొను తల్లులు ఆ ప్రాంతమున ఇద్దరు ముగ్గురు కలరు. వైద్యుడు గతించిన పిదప కారు ఆయన కుమారునకు సంక్రమించెను. కుమారుడు గణితోపాధ్యాయుడై, ప్రధానోపాధ్యాయుడై, ఉద్యోగ విరమణము చేసినవాడు. కారుతో పాటు ఆయనకు మరియొక ఆస్తియు దక్కెను. అది కారు అరలో నుండిన నల్లట్ట నోటుపుస్తకము. కారు కొన్న దినము మొదలు దానికై వెచ్చించిన ప్రతి రూపాయిని వైద్యుడు అందులో వ్రాసి యుంచెను. కుమారుడును ఆ అలవాటును విడువలేదు.

మన చట్టము ప్రకారము సొంతకారు తొలి రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. పిదప తనిఖీలో నెగ్గినచో ఐదేసి ఏండ్ల చొప్పున పొడిగింతురు. వైద్యుని కారు 2003లో మొదటిసారియు, పిదప ప్రతి పర్యాయమును తనిఖీలో నెగ్గుచు వచ్చెను. 2023లో అయిదవ తనిఖీ వచ్చెను. అప్పటికి రెండేండ్లకు ముందే 40,000 రూపాయలు పెట్టి ఇంజనుకు బోరు చేయించి యుండుటచేత మాస్టారునకు దిగులు లేదు. అయినను వర్షాకాలమున వెనుక కాళ్ల దగ్గర తివాచీ తడియుచుండుట, గతుకులలో వెనుకనుండి ఏదో కిర్రుమనుట ఆయన గమనించెను. తనిఖీకి ముందు ఒకసారి చూపించుట మంచిదని విజయవాడలోని ఆటోనగరునకు బయలుదేరెను.

1960 దశకమున ఏర్పడిన ఆ ఆటోనగరు మరమ్మతుల విద్యకు పెద్ద పాఠశాల వంటిది. ఒక వీధిలో లారీల పెట్టెలు కట్టుదురు. ఒక వీధిలో కమాను కట్టలు సాగదీయుదురు. ఒక మూల రేడియేటర్లకు అతుకులు వేయుదురు. అక్షరము రాని పనివాడు చెవియొగ్గి విని ‘మూడో సిలిండరు కొట్టడం లేదు’ అని చెప్పగలడు. వైద్యుని కాలమునుండి ఆ కారును చూచుచున్న వృద్ధ మెకానిక్కు షెడ్డు అక్కడనే కలదు. అతడు కారును గోతిపై నిలిపించి, దీపము తీసికొని అడుగునకు దిగి, చాలసేపటికి పైకి వచ్చెను.

“మాస్టారూ, ఇంజనుకు ఢోకా లేదు. మనం చేయించిన బోరు గడియారంలా ఉంది. కాని మీరొకసారి కిందికి దిగి చూడాలి,” అనెను.

మాస్టారు దిగెను. వెనుక కమాను కట్టలు నేలరేకునకు తగులుకొను చోట మెకానిక్కు స్క్రూడ్రైవరు మొన ఆనించి మెల్లగా నొక్కెను. ఇనుము అప్పడమువలె విరిగి మొన లోనికి దిగెను. ప్రక్క పెట్టెను నొక్కగా అక్కడను అట్లే అయ్యెను. పైన రంగు తళతళలాడుచునే యుండెను.

“అతుకు వేయలేవా?” అని మాస్టారు అడిగెను.

“వేస్తానండీ. ఎన్ని చెబితే అన్ని వేస్తాను. కాని అతుకు పట్టుకోవాలంటే పక్కన గట్టి ఇనుము ఉండాలి కదా. చెదపట్టిన దూలానికి మేకు కొడితే ఎక్కడ నిలుస్తుంది? అడుగంతా కోసి కొత్త రేకు కట్టాలంటే లక్షా ఇరవై వేలకు తక్కువ కాదు. అప్పుడైనా నాలుగేళ్ళని నేను హామీ ఇవ్వలేను.” కొంచెము ఆగి అతడు మరల ఇట్లనెను: “ఈ పని ఒప్పుకుంటే మూడు నెలలు నా షెడ్డుకు కూలి వస్తుంది. కాని ఈ వెనక సీటులో అమ్మాయిగారూ, పాపా కూర్చుంటారు. అది తలుచుకుంటే నాకు చెయ్యి ఆడడం లేదండీ.”

ఆ రాత్రి మాస్టారు నల్లట్ట పుస్తకమును ముందు పెట్టుకొని మొదటి పుటనుండి కూడుటకు ప్రారంభించెను. 35 ఏండ్ల లెక్క. టైర్లు, కమానులు, గేరుబాక్సు, రెండుసార్లు రంగు, మొన్నటి బోరు. మొత్తము కారు కొన్న వెలకు మూడింతలు దాటెను. తడిసి మోపెడగుట యనగా ఇదియే కాబోలు. ఇంత పెట్టిన బండిని ఇప్పుడు విడుచుటయా అని ఆయన మనస్సు మొరాయించెను. రెండేండ్లనాటి 40,000 రూపాయలైనను పూర్తిగా తీరలేదే అని తోచెను.

కాని ఆయన జీవితమంతయు బీజగణితము చెప్పినవాడు. కాగితమునకు ఒకవైపు ‘బాగుచేయించుట’ అనియు, రెండవవైపు ‘మార్చుట’ అనియు వ్రాసి, ఒక్కొక్క దానిక్రింద ఖర్చులు వేయుచు పోయెను. గడచిన ఖర్చుల మొత్తమును ఎడమవైపున వ్రాసెను. కుడివైపునను అదే మొత్తము వ్రాయవలసి వచ్చెను. ఏలయన కారును ఉంచినను ఆ డబ్బు తిరిగి రాదు. విడిచినను తిరిగి రాదు. సమీకరణమునకు ఇరువైపులను ఉన్న సమానరాశిని కొట్టివేయవలెనని ఎనిమిదవ తరగతి పిల్లలకు ఎన్ని వేల మారులు చెప్పియుండెనో! ఆయన రెండువైపులను ఆ మొత్తమును కొట్టివేసెను. 35 ఏండ్ల లెక్క ఒక్క గీతతో పోయెను. కాగితముపై ఇక రాబోవు ఏండ్లు మాత్రమే మిగిలెను.

పిదప పెట్రోలు లెక్క వేసెను. ఆయన కారు నెలకు 500 కిలోమీటర్లు తిరుగును. అంబాసిడరు లీటరుకు 10 కిలోమీటర్లు మాత్రమే నడచును. చిన్న కొత్త కారు 20 నడచుననుకొనవచ్చును. అనగా నెలకు 50 లీటర్లకు బదులు 25 లీటర్లు చాలును. లెక్క సులువునకై లీటరు 100 రూపాయలనుకొనినచో నెలకు 2,500, ఏడాదికి 30,000 రూపాయలు మిగులును. కొత్త కారు వెల 6,00,000 అయినచో, పెట్రోలు పొదుపుతోనే ఆ వెల రాబట్టుటకు 20 ఏండ్లు పట్టును! అదే కారు టాక్సీగా నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగినచో 5 ఏండ్లు చాలును. ‘పెట్రోలు కలిసివచ్చును’ అను మాట అందరి విషయమునను ఒక్కతీరుగా నిజము కాదని ఆయనకు ఆ దినమున తెలిసెను. తక్కువ తిరుగు బండికి పెట్రోలు లెక్క పాతదాని పక్షముననే తీర్పు చెప్పెను.

ఇంక మిగిలినది ఒక్కటే. వెనుక సీటు క్రింది ఇనుము. దానిని ఏ అంకెగా వ్రాయవలెనో ఆయనకు తోచలేదు.

మరునాడు ఇంటిలో ఆ మాట కదిలెను. “ఏమండీ, మామయ్యగారు దేవుడి గదిలా చూసుకున్న బండి. ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటారు?” అని ఆయన భార్య అనెను. ఆమె మాటలో దోషము లేదు. ఆ కారుతో ఆ కుటుంబమునకు ఊరిలో వచ్చిన గౌరవము నిజమైనది.

కుమార్తె కొంతసేపు ఊరకుండి, “నాన్నగారూ, తాతగారు ఆ కారును ఎందుకు కొన్నారు?” అని అడిగెను.

“రోగులను వేళకు ఆసుపత్రికి చేర్చడానికమ్మా.”

“అంటే లోపల కూర్చున్నవాళ్ళు క్షేమంగా చేరాలనే కదా. అది ఆ బండి ఇంకా చేయగలిగితే ఉంచుదాం. చేయలేకపోతే, ఉంచి తాతగారి మాట నిలబెట్టినట్టవుతుందా?”

ఆ మాటతో మాస్టారునకు కావలసిన జవాబు దొరికెను. తండ్రి విడిచిపోయినది ఇనుపరేకు కాదు. ఆ రేకు చేయుచుండిన పని. రేకు ఆ పనికి చాలనప్పుడు రేకును పట్టుకొని పనిని విడుచుట తండ్రిని గౌరవించుట కాదు. బ్రేకు వేసినప్పుడు కమాను కట్ట ఊడినచో లోపలివారికే కాదు, దారిన నడచిపోవువారికిని ముప్పు. అట్టి ముప్పును ఇతరులపై పెట్టుటకు ఏ యజమానికిని హక్కు లేదు.

మార్చవలెనని నిశ్చయించిన పిదప ఆయన వెంటనే కొత్త కారు కొట్టునకు పరుగెత్తలేదు. పాతదానిని బాగుచేయించుట, సరికొత్తదానిని కొనుట అని రెండే దారులున్నట్లు చాలమంది తలంతురు. మూడవ దారియు కలదు. కొత్త కారు తన విలువలో పెద్ద భాగమును మొదటి కొన్ని ఏండ్లలోనే పోగొట్టుకొనును. ఆ నష్టమును మొదటి యజమాని భరించును. నాలుగేండ్లు నడిచి, అడుగు గట్టిగా నుండి, గాలిసంచులును మంచి సీటుబెల్టులును గల చిన్న కారును ఆయన ఎంచుకొనెను. దానిని కొనుటకు ముందు గోతిపై నిలిపి, అడుగంతయు స్క్రూడ్రైవరు మొనతో తట్టి చూచినవాడు ఆ వృద్ధ మెకానిక్కే.

మరి అంబాసిడరు ఏమయ్యెను? రవాణా కార్యాలయమున దాని రిజిస్ట్రేషను రద్దు చేయించిన పిదప మెకానిక్కు దానిని విడదీసెను. 2014లో కర్మాగారము అంబాసిడరు తయారీని నిలిపినది మొదలు కొన్ని భాగములు దొరకుట కష్టమైయుండెను. సమీపమున నొకరి అంబాసిడరునకు అడుగు గట్టిది, ఇంజను పోయినది. వైద్యుని కారు ఇంజను దానికి చేరెను. తలుపులు ఒకదానికి, గేరుబాక్సు మరియొకదానికి పోయెను. ఒక బండి ఆగి మూడు బండ్లు నడచెను. రెండేండ్లనాటి 40,000 రూపాయలు వృథా అయినవని దుఃఖించిన మాస్టారునకు, ఆ ఇంజను మరియొక ఇంటివారిని మోయుచున్నదని తెలిసి తృప్తి కలిగెను.

ఆ కథను విని, పాత కార్లనెల్ల విడువవలెనని ఎవరైనను తలంచినచో అది పొరపాటు. అదే షెడ్డునకు అదే నెలలో ఒక బట్టల వర్తకుడు తన కారును తెచ్చెను. దాని వయస్సు ఎనిమిదేండ్లు. క్లచ్ జారుచుండెను, రంగు వెలసెను, చల్లని గాలి యంత్రము పని చేయకుండెను. పొరుగువారు కొత్త కారు కొనిరి గనుక తానును వాయిదాల మీద కొత్తది కొనదలచి, దీనికి ఏమి వెల వచ్చునని అడిగెను. మెకానిక్కు అడుగంతయు తట్టి చూచి, “బాబూ, దీని ఎముకలు రాయిలా ఉన్నాయి. క్లచ్ ప్లేటు, కొంచెం గ్యాసు, రెండు రబ్బరు గొట్టాలు. ఇంతే దీని రోగం. ఇంకో ఆరేళ్ళు నిక్షేపంగా తిరుగుతుంది. రంగు వెలిసిందని అమ్మేస్తే, ఆ రంగు కోసం మీరు ఐదేళ్ళు వడ్డీ కడతారు,” అనెను. వర్తకుడు లెక్క తెలిసినవాడు. క్లచ్ వేయించుకొని ఇంటికి పోయెను.

ఒకే పనివాడు ఒక బండిని విడువుమనెను, మరియొకదానిని ఉంచుకొమ్మనెను. అతడు వయస్సును చూడలేదు; మెరుగును చూడలేదు; తన కూలిని చూడలేదు. వ్యాధి మార్చదగిన భాగములలో నున్నదా, ఎముకలలో నున్నదా అని మాత్రమే చూచెను. ఉంచిన బండివలన కలుగు మేలు యజమానికి మాత్రమే పరిమితము కాదు. ఒక కొత్త కారు పుట్టవలెనన్న గనులనుండి ఖనిజము త్రవ్వవలెను. కొలిమిలో బొగ్గు కాల్చవలెను. గాజు, రబ్బరు, ప్లాస్టికు తయారు కావలెను. గట్టి బండిని మరి ఐదేండ్లు నడిపినచో ఆ శ్రమయు, ఆ పొగయు ఐదేండ్లు వెనుకకు పోవును. అట్లే పాతబడిన ఇంజను వదలు విషపుపొగను మరచుటయు న్యాయము కాదు. 2020 ఏప్రిలు మొదలు కొత్త వాహనములకు భారత్ స్టేజి ఆరు అను కట్టుదిట్టమైన పొగ నియమములు అమలైనవి. 1988 నాటి కారులో పొగను శుద్ధిచేయు ఉపకరణమే లేదు. త్రాసులో రెండు పళ్లెములను చూచినవాడే సరిగా తూచగలడు.

గత్యంతరము లేనిచోట మనుష్యులు మరమ్మతును ఒక కళగా పెంపొందించిన ఉదాహరణ క్యూబా దేశము. 1959 విప్లవము తరువాత, 1962లో అమెరికా ఆ దేశముతో వాణిజ్యమును నిషేధించెను. 1940, 1950 దశకములలో వచ్చిన అమెరికా కార్లకు విడిభాగములు రాకుండ పోయెను. హవానా పనివారు రష్యా బండ్ల భాగములను, డీసెలు ఇంజనులను వానికి అమర్చి దశాబ్దముల తరబడి నడిపిరి. ఆ నేర్పు మెచ్చదగినదే. కాని అది అవసరము నేర్పిన విద్య. ఎన్నుకొను స్వేచ్ఛ కలవాడు తన మమకారమునకే అవసరమని పేరు పెట్టుకొనరాదు.

ముంబయి నగరమున దశాబ్దములపాటు నలుపు, పసుపు రంగులతో తిరిగిన పద్మిని టాక్సీలు 20 ఏండ్ల వయఃపరిమితిచేత 2023 అక్టోబరులో వీధులనుండి సెలవు తీసికొనెను. ఒక్క టాక్సీనైనను ప్రదర్శనశాలలో దాచవలెనని కొందరు కోరిరి. ఆ కోరిక ఉచితమైనది. జ్ఞాపకమునకు స్థానము ప్రదర్శనశాల. దారి మాత్రము నేడు ప్రయాణించువారిది. ఇక మిగిలిన ఇనుమును చెట్టుక్రింద త్రుప్పు పట్టనిచ్చుట ఎవరికిని మేలు కాదు. 2021లో కేంద్రప్రభుత్వము వాహనములను పద్ధతిగా విడగొట్టు కేంద్రములకు నియమములు ఏర్పరచెను. పాత ఉక్కును విద్యుత్కొలిమిలో కరగించి మరల ఉక్కు చేయవచ్చును. ఖనిజమునుండి చేయుటకంటె దీనికి చాల తక్కువ శక్తి చాలును. నాగలికర్రు అరిగినప్పుడు కమ్మరి దానిని కొలిమిలో పెట్టి కొడవలిగా సాగగొట్టుట మన పల్లెలు ఎరిగినదే.

కావున పాత వస్తువును ఎదుట పెట్టుకొని ఆలోచించువాడు మూడు విషయములను విచారింపవలెను. దాని వ్యాధి మార్చదగిన భాగములలో నున్నదా, ఎముకలలో నున్నదా? ఇకముందు దానితో ఎంత పని కలదు? అది విఫలమైనచో దెబ్బ తగులునది ఎవరికి? ఈ మూడింటిలోను నిన్నటి ఖర్చునకు చోటులేదు. పొరుగువాని కొత్త కారునకును చోటులేదు. గడచిన దారులు మన కృతజ్ఞతకు పాత్రములు. వానిని పుస్తకములో వ్రాసికొనవచ్చును, పిల్లలకు చెప్పుకొనవచ్చును. నిర్ణయము మాత్రము నడువవలసిన దారులను చూచి చేయవలసినది. గట్టిగా నున్నదానిని మోజుకొరకు పారవేయనివాడును, గుల్లబారినదానిని మమకారముకొరకు పట్టుకొననివాడును నిజమైన పొదుపరి. అట్టివాని యింట పాతదియు గౌరవము పొందును, కొత్తదియు సార్థకమగును.